మూడు కాళ్ళ కుక్కకు ఆసరా పట్టీ

నాలుగు కాళ్ళ బల్లను ఎగుడుదిగుడు నేల మీద వేసి చూడండి. టకటకమని కదులుతుంది. ఏదో ఒక కాలి కింద కాగితం మడిచి పెడితేగాని నిలవదు. ముక్కాలిపీట అలా కాదు. ఏ నేల మీద వేసినా కదలకుండా నిలుస్తుంది. ఏ మూడు బిందువులను తీసుకున్నా వాటి గుండా ఒక సమతలం వెళ్ళగలదు. నాలుగో బిందువు కూడా అదే తలంలో ఉండాలన్న నియమం లేదు. అందుకే నాలుగు కాళ్ళ బల్లకు వచ్చే ఇబ్బంది ముక్కాలిపీటకు రాదు.

పీటకు మూడు కాళ్ళు చాలినప్పుడు కుక్కకు ఎందుకు చాలవు? లేక చాలుతాయా? ఇది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ప్రమాదంలో నలిగిన కాలును తీసివేయక తప్పదని పశువైద్యుడు చెప్పినప్పుడు, ఆ కుక్కను పెంచుకున్న ఇంటివారి మనసులో మెదిలేది ఈ ప్రశ్నే. "మూడు కాళ్ళతో అది ఏం బతుకుతుంది?" అనుకొని కొందరు దానిని వదిలించుకోవాలని చూస్తారు. మరికొందరు జాలితో రోజంతా ఎత్తుకొని తిప్పుతారు. ఈ రెండింటి వల్లా కుక్కకు నష్టమే. ఈ రెండింటికీ మధ్య మార్గం హార్నెస్ అని పిలిచే ఆసరా పట్టీ. అది ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు తీసి పక్కన పెట్టాలో తెలుసుకుందాం.

మిడిల్ పాయింట్ సంగతి

ఈ విషయాన్ని ఒక ఊరికి అన్వయించి చూస్తే బాగా అర్థమవుతుంది. అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను తీసుకుందాం. 2024 సెప్టెంబరులో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అందులో మిడిల్ పాయింట్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. కనుక ఈ వ్యాసం చదివేవారిలో మిడిల్ పాయింట్ వారు కూడా ఉండవచ్చు.

ఆ ఊరికి, మన విషయానికి సంబంధించిన లక్షణాలు మూడున్నాయి. మొదటిది, ఊరంతా ఎత్తుపల్లాలే. వీధిలోకి వెళ్ళాలంటే మెట్లో వాలో తప్పదు. రెండవది వాన. సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అక్కడ వానలు కురిపిస్తాయి. కాబట్టి నేల తడిగా, మెట్లు పాచి పట్టి ఉండే రోజులు ఎక్కువ. మూడవది దూరం. విశాఖపట్నం, చెన్నై రేవులు సుమారు 1,200 కిలోమీటర్ల అవతల ఉన్నాయి. అంగడిలో దొరకని వస్తువు మెయిన్‌లాండ్ నుంచి రావలసిందే. మూడు కాళ్ళ కుక్కకు వాలు, తడి రెండూ పరీక్షలే. సరకు ఆలస్యంగా వచ్చేచోట పట్టీని ఇంట్లోనే కుట్టుకోవడం తెలిసి ఉండాలి.

మరో విశేషం కూడా ఉంది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టకముందు అండమాన్ ఆదివాసులకు కుక్క అంటే తెలియదు. బయటివారితో వచ్చిన కుక్కలను వారు కొద్దికాలంలోనే చేరదీసి, అడవి పందుల వేటలో తోడు చేసుకున్నారు. ఆ ఆదివాసుల జీవనాన్ని చూపే ఆంత్రోపాలజికల్ మ్యూజియం మిడిల్ పాయింట్ ప్రాంతంలోనే ఉంది. మనిషికి కుక్కతో స్నేహం కలవడానికి ఎక్కువ కాలం అక్కరలేదనడానికి ఈ దీవులే ఒక సాక్ష్యం.

బరువు ఎక్కడ పడుతుంది?

కుక్క నిలబడి ఉన్నప్పుడు దాని బరువు నాలుగు కాళ్ళ మీద సమానంగా పడదు. తల, మెడ, రొమ్ము ముందు వైపు ఉన్నాయి కదా! అందుచేత గరిమనాభి వెనుక కాళ్ళ కంటే ముందు కాళ్ళకు దగ్గరగా, రొమ్ము భాగంలో ఉంటుంది. సుమారు 60 శాతం బరువును ముందు కాళ్ళు రెండూ, 40 శాతం బరువును వెనుక కాళ్ళు రెండూ మోస్తాయి. 20 కిలోల కుక్క అయితే ఒక్కొక్క ముందు కాలి మీద 6 కిలోలు, ఒక్కొక్క వెనుక కాలి మీద 4 కిలోలు పడతాయన్నమాట.

దీనిని మీరే పరీక్షించవచ్చు. బరువు తూచే యంత్రం, అంతే ఎత్తున్న చెక్క పలక ఒకటి తీసుకోండి. కుక్క ముందు కాళ్ళను యంత్రం మీద, వెనుక కాళ్ళను పలక మీద ఉంచి తల నిటారుగా ఉన్నప్పుడు అంకె చూడండి. తర్వాత దానికి ఇష్టమైన తిండిని నేల మీద చూపించండి. అది తల వంచగానే అంకె పెరుగుతుంది. తలను కదిలించి బరువును ముందుకో వెనక్కో నెట్టడం కుక్కకు పుట్టుకతో వచ్చిన విద్య.

కాలు పోయినప్పుడు అక్కరకు వచ్చేది ఈ విద్యే. పాదాల కింద బలాన్ని కొలిచే పలకలు అమర్చి, మూడు కాళ్ళ కుక్కలను వాటి మీద నడిపించి శాస్త్రజ్ఞులు కొలతలు తీశారు. ఒక ముందు కాలు పోయిన కుక్కలో మిగిలిన ముందు కాలి మీద సుమారు 46 శాతం, వెనుక కాళ్ళ మీద ఒక్కొక్కదానికి సుమారు 27 శాతం బరువు పడుతుంది. ఒక వెనుక కాలు పోయిన కుక్కలో ముందు కాళ్ళు రెండూ కలిసి సుమారు 74 శాతం, మిగిలిన వెనుక కాలు 26 శాతం మోస్తాయి.

మన 20 కిలోల కుక్కకు ఈ లెక్క వేసి చూడండి. ముందు కాలు పోతే మిగిలిన ముందు కాలి బరువు 6 కిలోల నుంచి 9.2 కిలోలకు పెరుగుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. వెనుక కాలు పోతే మిగిలిన వెనుక కాలి బరువు 4 నుంచి 5.2 కిలోలకు మాత్రమే పెరుగుతుంది. ఒక్కొక్క ముందు కాలి బరువు 6 నుంచి 7.4 కిలోలు అవుతుంది. పోయిన కాలి భారమంతా పక్క కాలి మీదే పడుతుందని మనం అనుకుంటాం. నిజానికి కుక్క ఆ భారాన్ని మూడు కాళ్ళకూ పంచుకుంటుంది. వెనుక కాలు పోయినప్పటికంటే ముందు కాలు పోయినప్పుడు కష్టం ఎందుకు ఎక్కువో కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇవి నిలబడినప్పుడూ, మెల్లగా నడిచినప్పుడూ పడే బరువులు. దుడుకు నడకలో నాలుగు కాళ్ళ కుక్కకే ముందు పాదం నేలను తాకిన క్షణాన శరీర బరువుకు సమానమైన బలం, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన బలం కూడా ఆ ఒక్క కాలి మీద పడుతుంది. మూడు కాళ్ళ కుక్క లావెక్కడం ఎందుకు ప్రమాదమో దీనిని బట్టి ఊహించవచ్చు.

నడక కంటే పరుగు ఎందుకు తేలిక?

మూడు కాళ్ళ కుక్కలను గమనించినవారికి ఒక వింత కనబడుతుంది. అవి మెల్లగా నడవడానికి తడబడతాయి, కానీ హుషారుగా పరుగెత్తుతాయి. దీనికి కారణం ఏమిటి?

మళ్ళీ పీట దగ్గరకు వద్దాం. ఒక వస్తువు పడకుండా నిలవాలంటే దాని గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత కాళ్ళ మధ్యనున్న ఆధార వైశాల్యంలో పడాలి. మూడు కాళ్ళుంటే ఆ వైశాల్యం ఒక త్రిభుజం. నాలుగు కాళ్ళ జంతువు మెల్లగా నడిచేటప్పుడు ఒక్కొక్క కాలినే ఎత్తుతుంది. మిగిలిన మూడూ నేల మీద త్రిభుజంగా నిలుస్తాయి. బొద్దింకకు ఆరు కాళ్ళు. అది మూడు ఎత్తినప్పుడు మూడు నేల మీద ఉంటాయి. అక్కడా త్రిభుజమే.

మూడు కాళ్ళ కుక్క ఒక కాలు ఎత్తితే మిగిలేవి రెండే. రెండు బిందువుల మధ్య త్రిభుజం ఏర్పడదు, గీత మాత్రమే ఉంటుంది. గీత మీద నిలవడం దొమ్మరి ఆట వంటిది. కాబట్టి దానికి రెండే దారులు. కాలు ఎత్తకుండా నిలబడి ఉండాలి, లేదా పడిపోయే లోపలే తర్వాతి కాలు వేయాలి. ఈ రెండవ దారే దాని గెంతు నడక. ఆగిన సైకిలు పడిపోతుంది, కదిలే సైకిలు నిలుస్తుంది. రెండింటి వెనుక సూత్రం ఒకటి కాకపోయినా, వేగమే నిలకడనిస్తుందన్న అనుభవం మాత్రం ఒకటే.

దీని నుంచి గ్రహించవలసిన పాఠం ఉంది. గొలుసు పట్టుకొని మీ వెంట మెల్లగా నడవమంటే మూడు కాళ్ళ కుక్క త్వరగా అలసిపోతుంది. దాని వేగంతో దానిని పోనిచ్చి, మధ్య మధ్య ఆపి విశ్రాంతి ఇవ్వాలి. ఎక్కువ దూరం ఒకేసారి తిప్పడం కంటే కొద్ది దూరం నాలుగైదు సార్లు తిప్పడం మేలు. మెల్లగా నడవక తప్పని చోట, అంటే మెట్ల దగ్గర, తడి నేల మీద, ఇరుకు దారిలో ఆసరా పట్టీ అవసరమవుతుంది. పోయిన త్రిభుజాన్ని ఆ కొద్దిసేపు మీ చెయ్యి తిరిగి పూర్తి చేస్తుంది.

వాలు చేసే పని

మిడిల్ పాయింట్ వంటి చోట వాలు లెక్క తెలియాలి. గరిమనాభి నేల నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తున, ముందు వెనుక పాదాల మధ్య దూరం 55 సెంటీమీటర్లు ఉన్న కుక్కను ఊహించండి. అది 15 డిగ్రీల వాలు ఎక్కుతోంది. నిలువు గీత సుమారు 9.4 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. 9.4ను 55తో భాగిస్తే 17 శాతం వస్తుంది. కుక్క తన భంగిమ మార్చుకోకపోతే అంత వంతు బరువు ముందు కాళ్ళ నుంచి వెనుక కాళ్ళ మీదికి పోతుంది.

వెనుక కాలు ఒకటి పోయిన కుక్కకు ఎక్కేటప్పుడు ఆ ఒంటి కాలి వంతు 26 నుంచి 43 శాతానికి పెరుగుతుంది. 20 కిలోల కుక్కలో అది సుమారు 8.6 కిలోలు. ముందు కాలు పోయిన కుక్క దిగేటప్పుడు ఆ ఒంటి ముందు కాలి వంతు 46 నుంచి 63 శాతానికి, అంటే సుమారు 12.6 కిలోలకు చేరుతుంది. కనుక ఒక సూత్రం గుర్తుంచుకోండి: వెనుక కాలు లేని కుక్కకు ఎక్కడం కష్టం, ముందు కాలు లేని కుక్కకు దిగడం కష్టం. ఆసరా మొదట అందవలసిన సమయాలు ఇవే.

కృత్రిమ కాలు పెట్టకూడదా?

మీకు ఈ సందేహం రావడం సహజం. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రూపొందించిన జైపూర్ కాలు ఎందరినో నడిపించింది. జంతువులకూ అటువంటి ప్రయత్నాలు జరిగాయి. జైపూర్‌కే చెందిన పశువైద్యుడు తపేష్ మాథుర్ ఆవులకు, దూడలకు కృత్రిమ కాళ్ళు తయారుచేశారు. వాటి పేరు కృష్ణ లింబ్. థాయిలాండ్‌లో 1999లో మందుపాతర మీద అడుగు వేసి ముందు పాదం పోగొట్టుకున్న మొతాలా అనే ఏనుగుకు 2009లో కృత్రిమ కాలు అమర్చారు. అంత భారీ జంతువు మూడు కాళ్ళతో నెగ్గుకు రావడం చాలా కష్టం. ఆవు పరిస్థితి కూడా అంతే.

కుక్క సంగతి వేరు. అది తేలికైన జంతువు. పైగా దాని కాలిని తీసివేసేటప్పుడు వైద్యులు సాధారణంగా పై దాకా తీసివేస్తారు. ముందు కాలిని చాలాసార్లు రెక్క ఎముకతో సహా, వెనుక కాలిని తొడ మధ్యలోనో తుంటి కీలు దగ్గరో తొలగిస్తారు. మోడు పొడుగ్గా మిగిలితే కుక్క దానిని నేలకు ఆనించి పుండు చేసుకుంటుంది. ఆ విధంగా తీసివేసిన తర్వాత కృత్రిమ కాలిని తగిలించడానికి పట్టు ఉండదు. కృత్రిమ కాలు కావాలనుకుంటే ఆ మాట శస్త్రచికిత్సకు ముందే వైద్యునితో మాట్లాడాలి. చాలా కుక్కలు అది లేకుండానే సుమారు ఒక నెలలో మూడు కాళ్ళ నడక నేర్చుకుంటాయి. వాటికి కావలసింది నాలుగో కాలు కాదు, అవసరమైనప్పుడు అందే ఒక చెయ్యి.

పట్టీ ఎక్కడ పట్టుకోవాలి?

ఏతం, తరాజు, పిల్లల ఊగుడు బల్ల మీకు తెలిసినవే. ఆసరా పట్టీలోనూ ఉన్నది ఆ తులాదండ సూత్రమే. వెనుక కాలు పోయిన మన కుక్క ముందు కాళ్ళ మీద 14.8 కిలోలు, వెనుక కాలి మీద 5.2 కిలోలు ఉన్నాయి. మీరు సరిగ్గా తుంటి మీద పట్టుకొని 4 కిలోల బలంతో పైకి లేపారనుకోండి. వెనుక కాలి మీద 1.2 కిలోలు మాత్రమే మిగులుతుంది, కానీ ముందు కాళ్ళ భారం తగ్గదు. అదే 4 కిలోల బలాన్ని గరిమనాభికి పైన, రొమ్ము వెనుక భాగంలో పెడితే ముందు భారం 11.8 కిలోలకు, వెనుక భారం 4.2 కిలోలకు తగ్గుతాయి. అందరికీ పంచినట్టు అన్ని కాళ్ళకూ ఉపశమనం దొరుకుతుంది.

అందుకే మంచి పట్టీకి రెండు పిడులుంటాయి. భుజాల మీద ఒకటి, నడుము మీద ఒకటి. వెనుక కాలు లేని కుక్క మెట్లెక్కేటప్పుడు వెనుక పిడి పట్టుకోవాలి. ముందు కాలు లేని కుక్క మెట్లు దిగేటప్పుడు ముందు పిడి పట్టుకోవాలి. ముందు కాలు లేని కుక్కను వెనుక పిడితో లేపితే అది తలకిందులుగా ఒంటి కాలి మీద పడే ప్రమాదముంది. చదును నేల మీద రెండు పిడులూ కలిపి పట్టుకోవచ్చు. మీరు కాలు లేని వైపున నడవండి. ఒరిగితే అది సాధారణంగా ఆ వైపే ఒరుగుతుంది.

ఎంత బలంతో లేపాలి? పాదాలు నేలను తాకుతూనే ఉండాలి. పాదం నేలకు ఆనుతున్నప్పుడే కండరం పనిచేస్తుంది, నరాలు నేల సంగతిని మెదడుకు తెలుపుతాయి. గాలిలో వేలాడే కుక్క నడక నేర్చుకోదు.

మెడ పట్టీని మాత్రం ఆసరాకు వాడరాదు. ముందు కాలు లేని కుక్క అడుగడుగుకూ తలను పైకీ కిందికీ ఊపుతుంది. బరువును వెనక్కి నెట్టడానికి అది చేసే ప్రయత్నం అది. మెడ పట్టుకొని లాగితే ఆ ప్రయత్నానికి అడ్డు తగులుతుంది, గొంతు నొక్కుకుపోతుంది.

వెడల్పు ఎందుకు ముఖ్యం?

కొబ్బరి తాడుతో కడుపు కింద ఉచ్చు వేసి లేపితే ఏమవుతుంది? పీడనం అంటే వైశాల్యం మీద పంచబడిన బలం అని బడిలో చదువుకున్నాం. 6 కిలోల బలాన్ని 1 సెంటీమీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున ఆనుతున్న తాడు మీద పెడితే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాములు పడుతుంది. 10 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ అయితే 20 గ్రాములే. చర్మంలోని సన్నని రక్తనాళాలు 32 మిల్లీమీటర్ల పాదరసం పీడనం దాటితే మూసుకుపోతాయని మనుషుల విషయంలో వైద్యులు చెప్పే స్థూలమైన లెక్క. అది చదరపు సెంటీమీటరుకు సుమారు 43 గ్రాములు. తాడు ఆ గీతను ఎన్నో రెట్లు దాటుతోంది. వెడల్పు గుడ్డ దాటడం లేదు.

భుజం విషయంలో మరో జాగ్రత్త కావాలి. మనకు ఉన్నట్టు కుక్కకు ముందు కాలిని రొమ్ముకు కలిపే జత్రుక ఎముక లేదు. ముందు కాళ్ళ మధ్య దాని శరీరం కండరాల ఊయలలో వేలాడుతున్నట్టు ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా రెక్క ఎముక ముందుకూ వెనక్కూ జారుతుంది. రొమ్ముకు అడ్డంగా బిగించిన పట్టీ ఆ జారుడును ఆపివేస్తుంది. కనుక రొమ్ము మీద పట్టీ రెండు పాయలుగా వచ్చి, మధ్యలో కలిసి, ముందు కాళ్ళ నడుమ నుంచి వెనక్కి పోవాలి. ముందు కాలు లేని వైపున పట్టీ జారి వంకర తిరుగుతుంది. అందువల్ల ఆ వైపు చంకలో సందు వదిలిన మామూలు పట్టీ పనికిరాదు. మెత్తని గుడ్డతో ఆ సందు మూసి, రెండవ నడుము పట్టీ వేసి నిలబెట్టాలి.

ఇంట్లో కుట్టుకోవడం ఎలా?

మంచానికి అల్లే నూలు నవారు, మెత్తని పాత దుప్పటి ముక్క, దృఢమైన దారం, సంచులకు వాడే బకిల్స్ ఉంటే చాలు. ముందుగా మూడు కొలతలు తీయండి: మెడ మొదలు చుట్టుకొలత, మోచేతుల వెనుక రొమ్ము చుట్టుకొలత, భుజాల మధ్య నుంచి తోక మొదలు వరకు పొడవు. కడుపు కిందికి వచ్చే భాగం 10 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకుండా, లోపలి వైపు మెత్త వేసి కుట్టండి. కుట్లు బయటి వైపుకు ఉండాలి. మగ కుక్క అయితే మూత్రద్వారం దగ్గర ఖాళీ వదలాలి. బిగించిన తర్వాత పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్ళు దూరాలి.

కుక్కకు తొడగక ముందే పరీక్ష చేయండి. కుక్క బరువుకు రెట్టింపు బరువున్న బియ్యం సంచిని ఆ పట్టీలో పెట్టి పిడులు పట్టుకొని లేపండి. కుట్టు ఊడితే సంచి దగ్గరే ఊడాలి గాని మెట్ల మీద కాదు.

శస్త్రచికిత్స అయిన మొదటి రోజులలో ఇంత హంగామా అక్కరలేదు. వెనుక కాలు పోయిన కుక్కకు పొడవాటి తువ్వాలును తొడల ముందు, కడుపు కింద నుంచి వేసి రెండు కొసలు పట్టుకొని మలమూత్ర విసర్జనకు బయటికి తీసుకుపోవచ్చు. కుట్లు తీసే వరకు, అంటే సాధారణంగా 10 నుంచి 14 రోజుల పాటు, పట్టీ గాయానికి తగలకూడదు. ముందు కాలు తీసిన కుక్కకు రొమ్ము పక్కనే గాయం ఉంటుంది కనుక పట్టీ ఎప్పుడు తొడగాలో వైద్యుణ్ణే అడగండి.

నొప్పితో ఉన్న కుక్క ప్రేమగా పెంచినవారిని కూడా కరవవచ్చు. పట్టీ వేసేటప్పుడు తల వైపు ఒకరు కూర్చొని ఊరడించాలి. మన దేశంలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులు రేబిస్ లేని ప్రాంతాలుగా పేరుపొందాయి. అయినా కరిస్తే సబ్బు నీళ్ళతో గాయాన్ని బాగా కడిగి డాక్టరుకు చూపించుకోవడం మానరాదు. మరో హెచ్చరిక: ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి. మనం వాడే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను పాడుచేయగలవు. కుక్కలకు వేరే మందులున్నాయి, వాటిని పశువైద్యుడే నిర్ణయించాలి.

తడి దీవిలో తడి పట్టీ

గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట పట్టీకి మరో శత్రువు ఉంది. నానిన నవారు ఆరదు. దాని కింద బొచ్చు చెమర్చి, చర్మం ఎర్రబడి, ఒకటి రెండు రోజులలోనే పుండు పడవచ్చు. బూజు జాతి సూక్ష్మజీవులు చేరవచ్చు. పిడుదులకూ అది మంచి దాపు. కాబట్టి వానాకాలంలో రెండు పట్టీలుంటే మేలు. ఒకటి ఆరేలోగా రెండవది వాడుకోవచ్చు. నైలాన్ నవారు త్వరగా ఆరుతుంది గాని అంచు కోసుకుంటుంది. దానికి లోపల నూలు మెత్త తప్పదు. బయటి నుంచి రాగానే పట్టీ తీసి, చంకలు, గజ్జలు, కడుపు కింద చేత్తో తడిమి చూడండి. వెంట్రుకలు రాలినా, వేడిగా తగిలినా పట్టీని ఒకటి రెండు రోజులు ఆపండి.

నేల కూడా ముఖ్యమే. జారడాన్ని ఆపేది ఘర్షణ. నునుపు పలకల మీద నీళ్ళు పడితే ఘర్షణ తగ్గుతుంది. నాలుగు కాళ్ళ కుక్క ఒక కాలు జారితే మూడింటితో నిలదొక్కుకుంటుంది. మూడు కాళ్ళది ఒక కాలు జారితే కూలబడుతుంది. కుక్క తిరిగే దారిలో కొబ్బరి పీచు పట్టాలు, లేదా అడుగున రబ్బరు ఉన్న పట్టాలు పరవండి. ఉత్త గోనెసంచి పరిస్తే సంచే జారిపోతుంది, దాని అంచులు మేకులతో బిగించండి. మెట్ల మీది పాచిని గీకండి. గోళ్ళు పెరిగితే పాదం మెత్త నేలకు ఆనదు కనుక వాటిని కత్తిరించండి.

ఎప్పుడు తీసి పక్కన పెట్టాలి?

మన దేశంలో జాలి ఎక్కువైన ఇళ్ళలో జరిగే పొరపాటు పట్టీని ఎప్పుడూ వేసి ఉంచడం. ప్రతి అడుగుకూ లేపుతూ ఉంటే మిగిలిన కాళ్ళ కండరాలు బలపడవు. నిలదొక్కుకునే నేర్పు రాదు. మొదటి రెండు వారాలు ఎక్కువగా, తర్వాత అవసరమైనప్పుడే పట్టీ వాడండి. నెల గడిచేసరికి ఆరోగ్యమైన కుక్కకు చదును నేల మీద అది అక్కరలేకపోవచ్చు. మెట్లకు, వాన రోజులకు, వాహనం ఎక్కడానికి మాత్రం దాచి ఉంచండి. కుక్క ముసలిదైన కొద్దీ, కీళ్ళు అరిగిన కొద్దీ అది మళ్ళీ అవసరమవుతుంది.

ఒంటరిగా వదిలేటప్పుడు పట్టీ తీసివేయండి. కంచెకో కొమ్మకో చిక్కుకుంటే మూడు కాళ్ళ కుక్క విడిపించుకోలేదు. వీధి కుక్కలకు పట్టీ వేసి వదిలేయడం ఇదే కారణంగా మంచి పని కాదు. వీధిలో ఉండే మూడు కాళ్ళ కుక్కకు మీరు చేయగల మేలు వేరు. వాన తగలని చోటు, ఒకే వేళకు తిండి, గాయమైతే వైద్యం, అది దాటే మలుపులో వాహనం కాస్త నెమ్మదిగా నడపడం.

కొన్ని గుర్తులు కనబడితే వైద్యుని దగ్గరకు తీసుకుపోండి. తరచు కూలబడడం, పాదం మెత్తలను అదేపనిగా నాకడం, వేళ్ళ పైభాగం నేలకు రాసుకొని పుండు కావడం, ముందు కాలి మణికట్టు నేల వైపు కుంగిపోవడం, లేవడానికి మొరాయించడం. మిగిలిన కాళ్ళలోనే జబ్బున్న కుక్కకు, చాలా భారీగా ఉన్న కుక్కకు, వెన్నెముక దెబ్బతిన్న కుక్కకు ఆసరా పట్టీ ఒక్కటే చాలకపోవచ్చు. చక్రాల బండి అవసరం కావచ్చు. కాలు తీసే నిర్ణయానికి ముందే ఈ సంగతులు పరీక్షించమని అడగండి.

బరువును నెలకొకసారి తూచండి. ముందు కాలు లేని కుక్క 3 కిలోలు లావెక్కితే ఆ ఒంటి కాలి మీద దాదాపు 1.4 కిలోలు అదనంగా పడుతుంది. అది పగలూ రాత్రీ మోయవలసిన మూట. ప్రక్కటెముకలు కంటికి కనబడకపోయినా చేతికి తగులుతూ ఉండాలి. అన్నం గిన్నెలో ఒక పిడికెడు తగ్గించడం ఏ పట్టీ కంటే తక్కువ సాయం కాదు.

ముక్కాలిపీట ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. నిలబడడానికి కుక్కకు మూడు కాళ్ళు చాలు. పరుగెత్తడానికీ చాలు. ఈ రెండింటికీ నడుమ ఉన్న మెల్లని అడుగులకు, మెట్టుకు, వాలుకు, తడి నేలకు మాత్రమే తోడు కావాలి. ఆ తోడు ఎంత అవసరమో అంతే ఇవ్వండి. మీ చేతిలోని పిడి రోజురోజుకూ తేలికవుతూ ఉంటే పట్టీ సరిగ్గా పనిచేస్తున్నదని తెలుసుకోండి.